లైన్ రిజిస్టర్ చేయించాం కదా, ఇక భయమేముంది?

అపోహ: "లైన్ రిజిస్టర్ చేయించేశాను. ఇక ఆ కథ ఇంకెవరూ తీయలేరు."

కొత్త సినిమా రచయితలను అన్నిటికంటే ఎక్కువగా ముంచే నమ్మకం ఇదే. 'చెరువు ఎండిపోతే అడుగున యాభై ఏళ్ల కిందటి జీపు బయటపడుతుంది' అన్నది లైన్, అంటే ఒకటి రెండు వాక్యాల్లో కథ సారం. చట్టం దృష్టిలో అది ఆలోచన మాత్రమే, ఆలోచనకు కాపీరైట్ లేదు. 1978లో నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. ఐడియా, ఇతివృత్తం, ప్లాట్ ఎవరి సొత్తూ కావు. రక్షణ ఉన్నది వాటిని రాసిన తీరుకే. జీపులో ఎవరి ఎముకలు దొరికాయి, సర్పంచి ఎందుకు అబద్ధమాడాడు, ఏ సీను తర్వాత ఏ సీను, ఎవరి నోట ఏ మాట... ఇవన్నీ కాగితం మీద ఉంటేనే కోర్టు రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడగలదు.

అందుకే ఒట్టి లైన్ కాదు, పూర్తి సీన్ ఆర్డర్ (వరుసగా అన్ని సీన్లూ), వీలైతే డైలాగ్ వెర్షన్ రిజిస్టర్ చేయించండి. రచయితల సంఘంలో చేయించవచ్చు, కాపీరైట్ ఆఫీసులోనూ చేయించవచ్చు. రెండోదానికి 14వ నంబరు ఫారం, ఫీజు 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. ఇంటర్వెలో క్లైమాక్సో మారితే కొత్త వెర్షన్ మళ్లీ చేయించాలి. హక్కు పుట్టేది రాసినప్పుడే. రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం.

ఆ సాక్ష్యం కూడా సగమే. కథ మీరు రాశారని అది చెబుతుంది, అవతలివాళ్లు విన్నారని చెప్పదు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. నెరేషన్ ఇచ్చిన (కథ వినిపించిన) రోజే మెయిల్ పెట్టండి: "ఈ రోజు మీ ఆఫీసులో ఫలానా టైటిల్ కథ రెండు గంటలు వినిపించాను. మీరడిగిన సినాప్సిస్ (కథ సారాంశం) జతచేశాను." ఎవరెవరు విన్నారో పేర్లు రాయండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో సరిపెట్టకండి.

కొట్టేస్తారన్న భయంతో కథే చెప్పనివాళ్లున్నారు. ఏళ్ల కష్టం, భయం సహజమే. కానీ వినిపించని కథను కొనేవాళ్లు లేరు. ఆ ఒక్క మెయిల్ అలవాటు చేసుకుంటే ధైర్యంగా చెప్పొచ్చు.

అపోహ: "బౌండ్ స్క్రిప్ట్ (డైలాగులతో సహా పూర్తి స్క్రిప్ట్) పంపేస్తే వాళ్లే చదువుకుంటారు."

అడగని 120 పేజీలు ఎవరూ తెరవరు. ముందు రెండు వాక్యాల లైన్, ఒక పేజీ సినాప్సిస్. అందులో ముగింపు కూడా ఉండాలి, "మిగతాది నెరేషన్‌లో" అని ఊరించకూడదు. అడిగాకే సీన్ ఆర్డర్, ఆ తర్వాతే బౌండ్ స్క్రిప్ట్. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన వర్డ్ ఫైలు నిర్మాత ఫోన్లో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసి పీడీఎఫ్‌గా పంపండి. మొదటి పేజీలో టైటిల్, వెర్షన్ తేదీ, ఫోన్ నంబరు, ప్రతి పేజీకీ నంబరు.

అపోహ: "పరిచయం చేయించేవాడికి డబ్బివ్వాలి."

ఇవ్వకండి. కథ కొనేవాళ్లు రచయితకు డబ్బిస్తారు, రచయిత దగ్గర తీసుకోరు.

అపోహ: "అడ్వాన్స్ వచ్చిందంటే సినిమా మొదలైనట్టే."

కాదు. అడ్వాన్స్ కంటే ఒప్పందం ముఖ్యం. సంతకం లేని కాగితంతో హక్కుల బదిలీ చెల్లదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కులు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే అవి మీకు తిరిగొచ్చేస్తాయి, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప. చాలా ఒప్పందాల్లో వేరేగానే రాస్తారు. సంతకానికి ముందు ఆ వాక్యం వెతికి పట్టుకుని, 18 నెలలో రెండేళ్లో, వాడకపోతే హక్కులు తిరిగొచ్చేలా ఒక తేదీ వేయించండి. టైటిల్ కార్డులో మీ పేరు ఎలా పడాలో కూడా అక్కడే రాయించండి.