మయోసైటిస్: సీపీకే దిగింది, మరి మీరు లేవగలుగుతున్నారా?

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్, అంటే కండరాల్లో వాపు వచ్చి బలం తగ్గే జబ్బు, ఉందని చెప్పాక ఈ పేరు మన ఇళ్లలో వినిపించడం మొదలైంది. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చేవాళ్లు కూర్చోగానే సీపీకే అనే రక్తపరీక్ష కాగితం తీసి బల్లమీద పెడతారు. నేనేమో కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవమంటాను.

అపోహ: సీపీకే తగ్గితే జబ్బు తగ్గినట్టే.

వాస్తవం: కండర కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైము సీపీకే. స్టీరాయిడ్లు మొదలుపెట్టాక తరచూ బలం రాకముందే ఆ అంకె దిగిపోతుంది. డెర్మటోమయోసైటిస్ (చర్మం మీద దద్దుర్లు కూడా వచ్చే రకం) ఉన్న కొందరికి మొదటినుంచీ పెరగనే పెరగదు. కండరం పోయి ఆ చోట కొవ్వు చేరినవాళ్లకు రిపోర్టు నార్మల్‌గానే ఉంటుంది, మెట్లు మాత్రం ఎక్కలేరు. మందు పనిచేసిందా లేదా తేల్చడానికి 2016లో అమెరికా, ఐరోపా రుమటాలజీ సంఘాలు ఆమోదించిన 100 మార్కుల పద్ధతిలో కండర బలానికి 32.5, ఎంజైములకు 7.5 మాత్రమే. తన జబ్బు ఎలా ఉందో రోగి స్వయంగా చెప్పే మాటకు 10. అది తక్కువే అని నా గొణుగుడు. అయినా కాగితం మీది సీపీకే కన్నా ఎక్కువే కదా!

అపోహ: చేత్తో నొక్కి చూసి బలం బాగుందన్నారంటే ఇక ఇబ్బంది లేదు.

వాస్తవం: మేం సాధారణంగా 8 కండర సమూహాలను చూసి ఒక్కోదానికి 10 చొప్పున 80కి మార్కులు వేస్తాం. అది కొన్ని క్షణాల బలం. జడ అల్లుకోవాలంటే చేతులు నిమిషాల తరబడి పైనే ఉండాలి. 80కి దగ్గరగా వచ్చినవాళ్లు కూడా సగం జడకే చేతులు దించేస్తారు. అందుకే స్వీడన్‌లో రూపొందిన ఫంక్షనల్ ఇండెక్స్-2 అనే పరీక్షలో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్‌మనే యంత్రం) తాళానికి చేయి ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెడతారు. ఇంకో లోటు: ఇంక్లూజన్ బాడీ మయోసైటిస్ అనే మరో రకంలో వేళ్లు మడిచే కండరాలు తొలినాళ్లలోనే దెబ్బతింటాయి. ఆ 8లో వేళ్లు లేనే లేవు. తాళంచెవి తిప్పగలుగుతున్నారా అని విడిగా అడగాల్సిందే.

అపోహ: అలసట అంతా మనసులోనిదే.

వాస్తవం: మయోసైటిస్‌లో ఏం కొలవాలో రోగులనే అడిగినప్పుడు నొప్పి, అలసట గట్టిగా ముందుకొచ్చాయి. వీటిని అడిగి తెలుసుకోవాలే తప్ప నొక్కి చూస్తే తెలియవు. పైగా స్టీరాయిడ్లతో ముఖం గుండ్రంగా అవుతుంది. చుట్టాలు చూసి "ఒళ్లు చేశావు, నీకేం జబ్బు?" అంటారు. ఆ మాటకు నొచ్చుకున్నవాళ్లు మళ్లీ అలసట ఊసెత్తరు, డాక్టరు దగ్గర కూడా.

అపోహ: రోగులతో నింపించే ప్రశ్నాపత్రాలు ఉత్త లాంఛనం.

వాస్తవం: అడిగేదాన్ని బట్టి ఉంటుంది. రోజువారీ పనుల గురించి అమెరికాలో తయారైన హెచ్‌ఏక్యూ పత్రం టబ్బులో స్నానం చేయగలరా అని అడుగుతుంది. ఇండియన్ హెచ్‌ఏక్యూలో 12 ప్రశ్నలు: బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా, ఆటో ఎక్కి దిగగలరా, కూరగాయల మార్కెట్‌కు వెళ్లి రాగలరా... ఇక్కడ నాకు రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ప్రశ్న రోగిగా వచ్చిన ఆమెకు, జవాబు పక్కన కూర్చున్న భర్తది: "ఆ, బాగానే చేస్తుందండీ." అప్పుడు ఆయన్ని కాసేపు బయట కూర్చోమంటాను.

అపోహ: వ్యాయామం చేస్తే ఉన్న కండరం కూడా అరిగిపోతుంది.

వాస్తవం: ఒకప్పుడు వైద్యులే విశ్రాంతి తీసుకోమనేవారు. 1990ల నుంచి జరిగిన అధ్యయనాలు ఆ భయాన్ని పోగొట్టాయి. పర్యవేక్షణలో, కొద్దికొద్దిగా పెంచుతూ చేస్తే మేలే. రక్తపరీక్షకు ముందు రెండు మూడు రోజులు మాత్రం గట్టి కసరత్తు వద్దు. సీపీకే తాత్కాలికంగా పెరుగుతుంది, మళ్లీ ఆ కాగితం పట్టుకుని కంగారుగా వస్తారు.