ప్యాచ్ వేసుకోనివారిదే తప్పా? 2004 జూన్ నాటి దాడి చెప్పేదేమిటి

2025 జూలైలో, సంస్థలు తమ పత్రాలను దాచుకుని పంచుకోవడానికి వాడే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ సర్వర్లపై జరిగిన దాడితో పాత తగువు మళ్లీ మొదలైంది. సొంత ఆవరణలో నడుపుకునే సర్వర్లను సంస్థలు సకాలంలో అప్‌డేట్ చేసుకోకపోవడమే ఇంత అనర్థానికి మూలమని ఒక వర్గం అంటుంటే, జూలై 8న కంపెనీ ఇచ్చిన ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేసుకున్నా రక్షణ దక్కలేదు కదా అని రెండో వర్గం అడుగుతోంది. ఈ ప్రశ్నకు 2004 నాటి చరిత్ర ఉంది.

2001 నాటి కోడ్ రెడ్, నిమ్డా వార్మ్‌ల (నెట్‌వర్క్‌లో తమంతట తామే వ్యాపించే హానికర ప్రోగ్రాముల) కథ చాలామందికి తెలిసిందే. ఇప్పటి వివాదానికి అందులో ఒక్క విషయమే ముఖ్యం. కోడ్ రెడ్ వాడుకున్న లోపానికి దాడికి దాదాపు నెల ముందే, జూన్ 18న, ప్యాచ్ వచ్చింది. సెప్టెంబర్ 18న విరుచుకుపడ్డ నిమ్డా వాడుకున్న సర్వర్ లోపాన్ని 2000 అక్టోబర్‌లోనూ, బ్రౌజర్ లోపాన్ని 2001 మార్చిలోనూ సరిచేశారు. అందువల్ల ‘మందు ఇచ్చాం, మీరే వేసుకోలేదు’ అన్న కంపెనీ వాదనకు అప్పట్లో బలం ఉండేది.

ఆ బలం 2004 జూన్ చివరి వారంలో సడలింది. డౌన్‌లోడ్.జెక్ట్ అని పేరుపడిన ఆ దాడిలో దుండగులు మొదట మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఐఎస్ 5.0 మీద నడిచే కొన్ని వెబ్‌సైట్లలోకి చొరబడ్డారు. వాటికి కావలసిన ప్యాచ్ ఏప్రిల్ 13నే విడుదలైంది కాబట్టి, అంతవరకు నిర్వాహకుల నిర్లక్ష్యం ఉన్నమాట నిజమే. చొరబడినవారు సైటు రూపురేఖలను ముట్టుకోలేదు. ప్రతి పేజీ అడుగున ఏదైనా జోడించడానికి ఐఐఎస్‌లో ఉన్న మామూలు సదుపాయాన్నే వాడుకుని, సర్వర్ పంపే పేజీలకు బ్రౌజర్‌లో నడిచే చిన్న జావాస్క్రిప్ట్ కోడ్‌ను తగిలించారు. ఆ సైటును మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచినవారి కంప్యూటర్, యజమానికి తెలియకుండానే రష్యాలోని ఒక సర్వర్‌ను సంప్రదించి, పాస్‌వర్డులను దొంగిలించే ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రామ్‌ను దింపుకునేది. ఏ లింకూ నొక్కనక్కర్లేదు, ఏ ఫైలూ తెరవనక్కర్లేదు. రోజూ నమ్మకంతో చూసే సైటును చూస్తే చాలు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ దాడికి దారిచ్చిన ఎక్స్‌ప్లోరర్ లోపాల్లో అన్నింటికీ అప్పటికి ప్యాచ్ లేదు. విండోస్‌లోని ఏడీఓడీబీ.స్ట్రీమ్ అనే భాగాన్ని వాడుకుని వెబ్ పేజీ మన హార్డ్‌డిస్క్‌లో ఫైలు రాయగలదని మునుపటి ఏడాదే బహిరంగంగా తెలిసింది. అయినా అది అలాగే ఉండిపోయింది. అంటే విడుదలైన ప్రతి అప్‌డేట్‌నూ శ్రద్ధగా వేసుకున్న మనిషి కంప్యూటర్ కూడా, ఏదీ వేసుకోనివారి కంప్యూటర్ లాగే దొంగల పాలైంది. బ్రౌజర్ వాడకంలో 90 శాతానికి పైగా ఎక్స్‌ప్లోరర్‌దే అయిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ యూఎస్-సెర్ట్ తన సూచనల్లో వేరే బ్రౌజర్ వాడటాన్ని కూడా ఒక మార్గంగా చేర్చవలసి వచ్చింది.

తమ సర్వర్ ప్యాచ్ ముందే వచ్చిందనీ, రాబోయే విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 (ఎక్స్‌పీకి ఇచ్చే పెద్ద అప్‌డేట్) పరీక్షా ప్రతిని వాడుతున్నవారికి ముప్పు లేదనీ మైక్రోసాఫ్ట్ చెప్పింది. జూలై 2న ఏడీఓడీబీ.స్ట్రీమ్‌ను ఆపివేసే మార్పునూ, జూలై 30న బ్రౌజర్ ప్యాచ్‌నూ ఇచ్చింది. ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 మంచి పనే చేసింది, కానీ అందులోని బ్రౌజర్ రక్షణలను విండోస్ 2000 వాడేవారికి ఇవ్వలేదు. అవి కావాలంటే ఎక్స్‌పీకి మారవలసిందే. భద్రతకు విడిగా వెల కట్టడం సరైన పని కాదని నా అభిప్రాయం.

ఈ నేపథ్యంలో షేర్‌పాయింట్ క్రమాన్ని చూడాలి. 2025 మే నెలలో బెర్లిన్‌లో జరిగిన పోన్‌టుఓన్ అనే హ్యాకింగ్ పోటీలో వియత్నాం పరిశోధకుడు ఒకరు ఈ సర్వర్‌లోకి చొరబడే మార్గాన్ని చూపి, నిబంధనల ప్రకారం వివరాలను కంపెనీకే అప్పగించారు. జూలై 8న ప్యాచ్ వచ్చింది. దాన్ని తప్పించుకునే మార్గంతో జూలై 18న సామూహిక దాడులు బయటపడ్డాయి. జూలై నెల అప్‌డేట్ సమస్యను పాక్షికంగానే పరిష్కరించిందని ఆ తర్వాత మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. పైగా దాడి చేసినవారు సర్వర్‌లోని మెషీన్ కీలను (తనకు వచ్చే సమాచారం నిజమైనదేనని సర్వర్ గుర్తించడానికి వాడే రహస్య సంకేతాలను) ఎత్తుకుపోతే, పూర్తి ప్యాచ్ వేశాక కూడా వాటితో లోపలికి రాగలరు. అందుకే కీలను మార్చి ఐఐఎస్‌ను మళ్లీ ప్రారంభించమని కంపెనీ సూచించింది.

కాబట్టి ఒక సంస్థపై నిర్లక్ష్యమనే ముద్ర వేసేముందు, దానికి సరైన ప్యాచ్ ఏనాడు అందుబాటులోకి వచ్చిందో చూడాలి. షేర్‌పాయింట్ 2019 వెర్షన్ వాడేవారికి అది జూలై 20న వచ్చింది. షేర్‌పాయింట్ 2016 వెర్షన్ వాడేవారికి 21న, అంటే దాడులు బయటపడిన మూడు రోజులకు వచ్చింది.