48కి 44 వచ్చిన మోకాలు

అమలాపురం దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకి మోకాలు మార్చే ఆపరేషన్ అయింది. ఎక్స్‌రే చూసి డాక్టరు గారు "బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. ఇంటికొచ్చాక అత్త కత్తిపీటని గోడవారకి నెట్టి, "ఇక దీంతో నాకు పన్లేదురా" అంది.

ఎవరి మాట లెక్కలోకి తీసుకోవాలి? వైద్యం చేశాక ప్రతి రోగినీ వెతికి, నయమైందో లేదో చూడాలని బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1910ల్లోనే పట్టుబట్టాడు. తర్వాత తర్వాత ఆ నిర్ణయం రోగికే వదిలిన ప్రశ్నపత్రాలు వచ్చాయి. 1998లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నీ (మోకాలి) స్కోర్‌లో 12 ప్రశ్నలు. ఇప్పటి పద్ధతిలో ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 48.

నన్ను పట్టుకున్న మెలిక ఈ కూడికలోనే ఉంది. నడక, మెట్లు దిగడం, రాత్రి నొప్పి, బజారు పని, బస్సెక్కడం: అన్నిటికీ అత్తకి 4 చొప్పున వేద్దాం. మోకాళ్ల మీద కూర్చుని లేవగలరా అన్నదానికి 0. మొత్తం 44! పరిశోధన పట్టికలో అత్త ఘనవిజయం. ఇంకొకావిడకి నాలుగు ప్రశ్నల్లో ఒక్కో మార్కు తగ్గినా అదే 44. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని లేస్తుంది, అత్త లేవలేదు. పైగా, కింద కూర్చోవద్దని డాక్టర్లు చెప్పడం మామూలే. కాబట్టి ఆ సున్నా చేతకాకో, చెప్పిన మాట వినో కూడా అంకె చెప్పదు.

కుర్చీ, బల్ల మీద బతుకు సాగే చోట ఆ ఒక్క ప్రశ్న చాలేమో. కోనసీమలో చాప మీద భోజనం, పీట మీద వ్రతం, నేలబారు మరుగుదొడ్డి ఉన్నాయి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం ఆ పన్నెండిట్లో లేనే లేవు. వోమాక్ అనే 24 ప్రశ్నల పత్రమైతే స్నానాల తొట్టిలోకి దిగడం గురించి అడుగుతుంది. ఎంత చక్కటి తెలుగులోకి మార్చినా అత్తింట్లో తొట్టి లేదు కదా!

ఇంకో చిక్కుంది. నొప్పి ముదిరినప్పుడే ఆకుకట్టుకి పరిగెడతాం. ముదిరిన నొప్పి తరచు దానంతటదే కొంత దిగుతుంది, పేరు కట్టుకి పోతుంది. ఆపరేషన్లకీ ఈ భ్రమ తప్పదు. 2002లో అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 180 మందిలో కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. కీలులో గొట్టం పెట్టి శుభ్రం చేసినవాళ్లు రెండేళ్లలో ఏ దశలోనూ వీళ్లకంటే మెరుగ్గా లేరు. పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే మార్కులు ఎంత పెరిగినా నమ్మలేం.

అత్తకి రెండో మోకాలి ఆపరేషన్ వచ్చే నెల. అయ్యాక అడిగితే పాత నొప్పి సరిగా గుర్తుండదని, ఇప్పుడే పన్నెండూ అడిగి రాసుకున్నాను: 17 వచ్చాయి. కింద పదమూడోది అత్తే రాయించింది: "కత్తిపీట మీద కూచుని కొబ్బరి కోరగలనా?" దానికెన్ని మార్కులు పెట్టమంటావంటే, తడుముకోకుండా "ఇరవై" అంది.