తల్లి పేరు ఉండాల్సిన చోట: పోర్చుగల్ చర్చి పుస్తకాల్లో వదిలేసిన బిడ్డలు

పోర్చుగల్ నుంచి బ్రెజిల్‌కో అమెరికాకో వలసపోయిన కుటుంబాల వాళ్లు చాలామంది ఇవాళ తమ ముత్తాతల కోసం పాత చర్చి పుస్తకాలు తిరగేస్తున్నారు. ఆ దేశంలోని జిల్లా ఆర్కైవులు, లిస్బన్‌లోని జాతీయ ఆర్కైవు వాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టడంతో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. మూడు నాలుగు తరాలు గబగబా దొరుకుతాయి. తర్వాత ఎక్కడో ఒకచోట, తల్లిదండ్రుల పేర్లు ఉండాల్సిన చోట, ఒకే ఒక్క మాట కనిపిస్తుంది: 'ఎష్‌పోష్తు'. ఆడపిల్లయితే 'ఎష్‌పోష్త'. బయట వదిలేసిన బిడ్డ అని అర్థం. కొందరు పాదిరీలు 'తల్లిదండ్రులు తెలియదు' అని రాశారు.

రాసినాయన అశ్రద్ధ వల్ల ఆ ఖాళీ వచ్చిందనుకుంటే పొరపాటు. తల్లి ఎవరో తెలియకుండా ఉండాలనే అలా ఏర్పాటు చేశారు.

1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ, అంటే కాథలిక్ చర్చి పెద్దల సభ, ప్రతి విచారణలోనూ (ఒక పాదిరి కింద ఉండే చర్చి పరిధి) జ్ఞానస్నానాలకూ (బాప్తిస్మాలకూ) పెళ్లిళ్లకూ పుస్తకం పెట్టాలని శాసించింది. పోర్చుగల్‌లో 1911లో పౌర నమోదు అందరికీ తప్పనిసరి అయ్యేదాకా, సామాన్యుడు పుట్టాడనడానికి, పెళ్లాడాడనడానికి ఆ పుస్తకమే సాక్ష్యం. అలాంటి పుస్తకంలో తల్లి పేరు పడితే పెళ్లికాని పిల్ల బతుకు ఊళ్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పరువు కోసం బిడ్డను చంపేస్తారేమో, జ్ఞానస్నానం లేకుండానే బిడ్డ పోతుందేమో అని రెండు భయాలు. వాటికి జవాబుగా వచ్చిందే 'రోడ', అంటే చక్రం.

గోడలో అమర్చిన చెక్క పీపా అది. ఒక పక్క మాత్రమే తెరిచి ఉంటుంది. వీధిలోంచి బిడ్డను అందులో పడుకోబెట్టి, పీపాను తిప్పి, గంట లాగి వెళ్లిపోవచ్చు. లోపల కాపలా ఉండే ఆడమనిషి బిడ్డను ఎత్తుకుంటుంది. బయట నిలబడ్డది ఎవరో ఆమెకు కనబడదు, అడగనూ కూడదు. లిస్బన్‌లో ఈ పని మిజెరికార్దియా అనే ధర్మసంస్థ చేతిలో ఉండేది. 1498లో లియొనోర్ రాణి చొరవతో పుట్టిన సంస్థ ఇది. ఊళ్లలో ఖర్చు పురపాలక మండలి మీద పడేది. 1783లో పోలీసు ప్రధానాధికారి పినా మనీకు, దేశంలో పట్టణమన్న ప్రతిచోటా రోడ పెట్టాలని ఉత్తర్వు పంపాడు. ఇక అక్కడినుంచి పుస్తకాల్లో 'రోడలో దొరికిన బిడ్డ' అన్న మాట తరచుగా తగులుతుంది.

అందులో వదిలిన బిడ్డలంతా పెళ్లికాని తల్లుల బిడ్డలే కాదు. మొగుడు పోయినవాళ్లు, పాలు పడనివాళ్లు, కరువులో ఇంకో నోటికి తిండి పెట్టలేనివాళ్లు కూడా అక్కడికే వచ్చారు. బిడ్డతోపాటు దుస్తుల్లో ఒక గుర్తు పెట్టేవాళ్లు. దాన్ని 'సినాల్' అన్నారు. రిబ్బను ముక్క, సగానికి చించిన బొమ్మకాగితం, పతకం, లేకపోతే ఓ చీటీ: జ్ఞానస్నానం అయిందో లేదో, ఏ పేరు పెట్టాలో, వీలైనప్పుడు వచ్చి తీసుకెళ్తామనో. లిస్బన్ మిజెరికార్దియా ఆర్కైవులో ఈ చీటీలూ రిబ్బన్లూ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వదిలేశారన్న మాట వాడేముందు ఇవి ఒకసారి చూడాలనిపిస్తుంది నాకు.

వెతికేవాళ్లు చర్చి పుస్తకం దగ్గరే ఆగిపోతే నష్టం ఇక్కడే. చర్చి పుస్తకంలో రెండు మూడు వరుసలే ఉంటాయి. రోడ నడిపినవాళ్ల చేరిక పుస్తకం వేరే ఉంటుంది, అది మిజెరికార్దియా దగ్గరో పురపాలక కాగితాల్లోనో దొరుకుతుంది. బిడ్డ ఏ రోజు, ఏ వేళకు వచ్చింది, ఒంటిమీద ఏ బట్టలున్నాయి, ఏ గుర్తు ఉంది, అన్నీ అందులో రాసేవాళ్లు. దాని వెంటే పాలిచ్చే దాదుల లెక్కల పుస్తకం. దాది పేరు, భర్త పేరు, ఊరు, ఇచ్చిన జీతం. సాధారణంగా ఏడేళ్లు నిండేదాకా ఆ జీతం ఇచ్చేవాళ్లు. చాలామంది పిల్లలు అంతదాకా బతకలేదు. బిడ్డ పోతే చావు నమోదు రోడ ఉన్న పట్నంలో కాదు, దాది ఊరి చర్చిలో వెతకాలి. ఇది తెలియక ఏళ్ల తరబడి తప్పు విచారణలో వెతికేవాళ్లుంటారు.

దాది అంటే పోర్చుగీసులో 'ఆమ'. పిల్లల్ని చూసుకునే మనిషిని మనం 'ఆయా' అంటాం కదా, ఆ మాటా పోర్చుగీసు నుంచి వచ్చిందే. 'పాదిరి' కూడా అంతే.

చేతిరాత ఇంకో తలనొప్పి. మరియ అన్న పేరును ఎం రాసి పైన చిన్న ఏ పెట్టి వదిలేస్తారు. '7బ్రు' అని కనబడితే ఏడో నెల జూలై అనుకుంటాం. కాదు, అది సెప్టెంబరు. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు, అందుకని. '9బ్రు' నవంబరు. ఈ ఒక్క పొరపాటుతో రెండు నెలలు అటూ ఇటూ అయి, సరైన పేజీ చేయి జారిపోతుంది. 'షరతుతో జ్ఞానస్నానం ఇచ్చాను' అని ఉంటే, ఇంటి దగ్గర ముందే ఇచ్చారో లేదో తెలియక పాదిరి జాగ్రత్త పడ్డాడని అర్థం.

ఇంటిపేరును అస్సలు నమ్మకూడదు. ఈ పిల్లలకు ఆ రోజు ఏ పునీతుడి (సెయింట్) పండుగైతే ఆయన పేరో, జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడే జ్ఞానతండ్రి పేరో పెట్టి, వెనక 'ద జెజుష్', 'దుష్ సాంతుష్', 'ద కొన్‌సెయిసాఁవ్' లాంటి భక్తి పేర్లు తగిలించేవాళ్లు. వదిలేసిన పిల్లలకే కాదు, మామూలు కుటుంబాల్లోనూ ఇవే పేర్లు. పేరు కలిసిందని చుట్టరికం కలపడం కుదరదు. పెళ్లి నమోదు మేలు. 'ఫలానా పట్నం రోడ బిడ్డ' అని అక్కడ రాసి ఉంటే, ఏ ఊరి చేరిక పుస్తకం తెరవాలో తెలిసిపోతుంది.

1867లో రోడలను రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని నిలిపేశారు. అయినా ఆ తర్వాతి ఏళ్లలో అవి ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. బిడ్డను తెచ్చినవాళ్లను వివరాలు అడిగి చేర్చుకునే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలతో కొందరికి తెగిన దారి మళ్లీ దొరుకుతోంది. అందరికీ దొరకదు. దొరకనప్పుడు వంశవృక్షంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నన్నడిగితే ఆ ఖాళీ పక్కన దాది పేరు రాస్తాను. లెక్కల పుస్తకంలో ఆమె పేరుంది, ఊరుంది, ఎన్ని నెలలు పాలిచ్చిందో కూడా ఉంది.