బ్రేకు వేస్తే పోయే శక్తి, పాతికేళ్లుగా తెగని పంచాయితీ

ఫార్ములా వన్‌లో హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు, వృథాగా పోయే శక్తిని దాచుకుని మళ్లీ వాడుకునే ఏర్పాటు) మీద ఎప్పుడు గొడవ మొదలైనా రెండు గొంతులే గట్టిగా వినిపిస్తాయి. "రోడ్డు మీద కార్లన్నీ అటే పోతుంటే రేసింగ్ వెనకబడితే ఎలా" అని ఒకరు, "ఆ బ్యాటరీలు తీసిపారేసి పాత వీ10 (పది సిలిండర్ల) ఇంజిన్ పెట్టండి, కనీసం చెవులకైనా పండగ" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కానీ కథను మొదటి నుంచి చదువుకుంటూ వస్తే, తగాదా ప్రతిసారీ రూల్ బుక్‌లో రాసే ఒకటి రెండు అంకెల దగ్గరికే చేరడం కనిపిస్తుంది. ఆ అంకెల్ని తేల్చింది ఇంజినీర్ల లెక్కల కంటే బేరసారాలే ఎక్కువ అని నా అనుమానం.

ముందు చిన్న లెక్క చూద్దాం. డ్రైవర్, ఇంధనం కలిపి 650 కిలోలున్న కారు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉండే గతిజ శక్తి సుమారు 2.25 మెగాజౌళ్లు. మలుపు ముందు వేగం 100కి దించాలంటే అందులో దాదాపు 2 మెగాజౌళ్లు రెండు మూడు సెకన్లలో వదిలించుకోవాలి. కొంత గాలి లాగేస్తుంది, మిగతాది బ్రేకు డిస్కుల్లో వేడిగా మారిపోతుంది. రాత్రి రేసుల్లో చక్రాల లోపల నిప్పు కణికల్లా మెరిసేది అదే. ఇంధనం కాల్చి సంపాదించిన వేగాన్ని ప్రతి మలుపులోనూ ఇలా తగలేస్తున్నాం కదా, కాస్తయినా దాచుకోలేమా అన్నదే మొత్తం ఆలోచన.

ఇదేదో 2009లో పుట్టిన ఆలోచన అనుకునేవాళ్లే ఎక్కువ గానీ, 1998లోనే మెక్‌లారెన్ జట్టుకు మెర్సిడెస్ పేరుతో ఇంజిన్లు తయారుచేసే ఇల్మోర్‌లో మారియో ఇలియన్ దీని మీద పనిచేశాడు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని హైడ్రాలిక్ ఒత్తిడిగా నిల్వచేసి, మలుపు దాటాక మళ్లీ వాడుకునే పద్ధతి. అది రేసు దాకా రాకముందే, ఫార్ములా వన్ (ఎఫ్1) రూల్స్ రాసే ఎఫ్ఐఏ నిషేధించింది. అప్పటికే ఆ ఏడాది ఛాంపియన్ జట్టు మెక్‌లారెన్, దానికి ఇంకో ఆయుధం కూడా దొరికితే మిగతావాళ్ల గతేంటి అన్న భయం వెనక ఉందనుకోవడంలో తప్పులేదు. అప్పటి ఎఫ్ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ. తమాషా ఏంటంటే, పదేళ్ల తర్వాత శక్తిని తిరిగి రాబట్టాల్సిందేనని, రేసింగ్ సమాజానికి పనికొచ్చేలా మారాలని పట్టుబట్టింది కూడా ఆయనే.

(అదే 1998లో పానోజ్ అనే జట్టు కూడా ఒక హైబ్రిడ్ కారుతో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసు ప్రీ-క్వాలిఫయింగ్‌కు వెళ్లి, అర్హత దొరక్క వెనక్కొచ్చింది. 24 గంటల రేసును ఒక హైబ్రిడ్ మొదటిసారి గెలిచింది 2007లో, జపాన్‌లోని టొకాచిలో, టయోటా సుప్రా. ఎఫ్1 చూసేవాళ్లకు ఇవి పెద్దగా గుర్తుండవు.)

అలా 2009లో కెర్స్, అంటే బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని దాచుకుని మళ్లీ వాడుకునే పరికరం, వచ్చింది. ఇచ్చిన అంకెలు 60 కిలోవాట్ల శక్తి, ల్యాప్‌కు (ట్రాక్ ఒక చుట్టుకు) 400 కిలోజౌళ్లు. అంటే స్టీరింగ్ మీద బటన్ నొక్కితే ల్యాప్ మొత్తంలో ఆరున్నర సెకన్ల పైచిలుకు, దాదాపు 80 హార్స్‌పవర్ అదనం. పైన చూసిన లెక్కతో పోల్చండి, ఒక్క పెద్ద బ్రేకింగ్‌లో పోయే శక్తిలో ఐదో వంతు, అదీ ల్యాప్ మొత్తానికి. ఇంత చిన్న అంకె ఎందుకంటే, కొత్త వస్తువు వల్ల ఎవరూ మరీ ముందుకు దూసుకుపోకూడదు, అందరూ ఖర్చుతో మునిగిపోకూడదు. కానీ ఆ చిన్న లాభం కోసం మోయాల్సింది 30 కిలోలకు పైగా బరువు. మామూలుగా ఆ బరువును బ్యాలస్ట్‌గా, అంటే కారు సమతూకం కోసం పెట్టే దిమ్మెలుగా, కారు అడుగున తమకు కావలసిన చోట పెట్టుకుంటారు. ఆ ఏడాది గాళ్లు లేని నున్నటి స్లిక్ టైర్లు తిరిగి రావడంతో ముందు భాగంలో బరువు ఎక్కువ కావాల్సి వచ్చింది, కెర్స్ పెడితే ఆ వెసులుబాటు పోయింది. అందరికంటే ఎక్కువ నష్టపోయింది పొడుగ్గా, బరువుగా ఉండే డ్రైవర్లు. అప్పట్లో కనీస బరువు డ్రైవర్‌తో కలిపి లెక్క, 605 కిలోలు. అందుకే ఆస్ట్రేలియాలో బీఎండబ్ల్యూ ఒక కారులో, అంటే హైడ్‌ఫెల్డ్‌ది, కెర్స్ పెట్టి, పొడుగ్గా ఉండే రెండో డ్రైవర్ కుబిట్సా కారులో పెట్టలేదు. ఒకే జట్టు, రెండు రకాల కార్లు!

భయాలు కూడా తక్కువేం లేవు. 2008 జులైలో హెరెజ్‌లో టెస్టింగ్ జరుగుతుండగా పిట్స్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి) వచ్చిన బీఎండబ్ల్యూ కారును ముట్టుకున్న మెకానిక్‌కు షాక్ కొట్టి కింద పడిపోయాడు. ఆ వీడియో చూసినవాళ్లెవరూ మరిచిపోరు. మెకానిక్‌లు రబ్బరు గ్లౌజులతో పిట్ లేన్‌లో తిరగడం అప్పటి నుంచే చూస్తున్నాం. తర్వాతి కాలంలో కారు మీద లైటు పెట్టారు. పచ్చగా ఉంటే ముట్టుకోవచ్చు, ఎర్రగా ఉంటే డ్రైవర్ ఒక చేయి కారు మీద, ఒక కాలు నేల మీద ఉంచకుండా అమాంతం బయటికి దూకాలి.

ఇక 2009 ఫలితం చూడండి. ఫెరారీ, మెక్‌లారెన్, రెనో, బీఎండబ్ల్యూ నాలుగూ కెర్స్‌తో సీజన్ మొదలుపెట్టాయి. రెండు టైటిళ్లూ పట్టుకుపోయింది మాత్రం కెర్స్ అసలే లేని బ్రాన్ జట్టు, డబుల్ డిఫ్యూజర్ (కారును నేలకు అదిమి పట్టే అడుగు భాగం) పుణ్యమా అని. 17 రేసుల్లో కెర్స్ కార్లు గెలిచింది మూడు. హంగరీ, సింగపూర్‌లలో హామిల్టన్, స్పాలో రైకోనెన్. ఆ స్పా రేసే కెర్స్ మద్దతుదారుల బ్రహ్మాస్త్రం, వ్యతిరేకుల బ్రహ్మాస్త్రమూ అదే! ఎందుకంటే పోల్ నుంచి, అంటే అందరికంటే ముందు స్థానం నుంచి, మొదలెట్టిన ఫిసికెల్లా ఫోర్స్ ఇండియా కారు ఆ రోజు ఫెరారీ కంటే ఏం తక్కువ కాదు, సేఫ్టీ కారు పక్కకు తప్పుకుని రేసు మళ్లీ మొదలైనప్పుడు ఎత్తు మీదికి పోయే స్ట్రెయిట్‌లో బటన్ నొక్కి రైకోనెన్ దాటేశాడు, ఆ తర్వాత ఫిసికెల్లా చివరిదాకా వెనకే అంటుకుని వచ్చి సెకను లోపు తేడాతో ఓడిపోయాడు. ఇది టెక్నాలజీ గెలుపా, అన్యాయమా? నన్నడిగితే రెండూ.

కెర్స్‌ను వాయిదా వేద్దామని మిగతా జట్లు అడిగినప్పుడు ఒప్పుకోని బీఎండబ్ల్యూ, సీజన్ మధ్యలోనే దాన్ని పక్కనపెట్టేసింది, ఏడాది చివరికి క్రీడనే వదిలేసి వెళ్లిపోయింది. 2010లో రూల్ ఉన్నా జట్లన్నీ వాడకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. 2011లో కనీస బరువు 640 కిలోలకు పెంచాక మళ్లీ వచ్చింది. ఈసారి పెద్దగా ఎవరూ గొడవపడలేదు, అందరి దగ్గరా ఉంటే ఇక లాభం ఎవరికి? సీజన్ మొదటి రేసు రెడ్ బుల్ డ్రైవర్ వెటెల్ అది లేకుండానే గెలిచాడు.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి. విలియమ్స్ జట్టు బ్యాటరీకి బదులు ఫ్లైవీల్ తయారుచేసింది, కరెంటుతో చక్రాన్ని విపరీతమైన వేగంతో తిప్పి అందులో శక్తి దాచే పద్ధతి. ఎఫ్1లో అది ఒక్క రేసు కూడా పరిగెత్తలేదు. 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపడం నిషేధించడంతో ట్యాంకులు పెద్దవైపోయి దానికి చోటు లేకుండా పోయింది. కానీ అదే సాంకేతికతతో ఆడీ 2012లో లె మాన్ గెలిచింది, అక్కడ గెలిచిన మొదటి హైబ్రిడ్ అదే. చివరికి విలియమ్స్ నుంచి ఆ విభాగాన్ని జీకేఎన్ అనే కంపెనీ కొనుక్కుంది, ఫ్లైవీళ్లు లండన్ బస్సుల్లోకి చేరాయి. రేసింగ్ వల్ల మామూలు జనానికి ఉపయోగం ఉంటుందా అని అడిగేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే. ఎఫ్1 రూల్స్ పట్టించుకోని వస్తువు బస్సుకు పనికొచ్చింది.

2014తో అసలు పెద్ద మలుపు. మొదట అనుకున్నది 2013కి నాలుగు సిలిండర్ల టర్బో. ఫెరారీకి అది నచ్చలేదు, ఎఫ్1 వ్యాపారం చూసుకునే ఎకిల్‌స్టన్‌కు అసలే నచ్చలేదు. బేరాలయ్యాక 2014కి 1.6 లీటర్ వీ6 టర్బో ఖాయమైంది. బ్రేకుల దగ్గరి మోటారు, అంటే ఎంజీయూ-కె, 120 కిలోవాట్లకు పెరిగింది, బ్యాటరీ నుంచి ల్యాప్‌కు 4 మెగాజౌళ్లు వాడుకోవచ్చన్నారు. దీనికి తోడు ఎంజీయూ-హెచ్ వచ్చింది. టర్బో షాఫ్టుకే తగిలించిన మోటారు, నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరుగుతూ పొగగొట్టంలో వృథాగా పోయే శక్తిని కరెంటుగా మార్చేది. దాని మీద పరిమితే పెట్టలేదు. ఈ పరిమితి లేకపోవడమే మెర్సిడెస్‌కు వరమైంది. కంప్రెసర్‌ను ఇంజిన్ ముందు, టర్బైన్‌ను వెనక పెట్టి మధ్యలో ఈ మోటారును ఇరికించారు, 19 రేసుల్లో 16 గెలిచారు, 2021 దాకా వరసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ (జట్ల) టైటిళ్లు కొట్టారు. 2017లో తమ ఇంజిన్ టెస్ట్ బెంచ్ మీద 50 శాతం థర్మల్ ఎఫిషియెన్సీ దాటిందని, అంటే ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా పనికి వాడుకుంటోందని, ప్రకటించారు కూడా. ఇంజినీరింగ్‌గా చూస్తే అద్భుతం, సందేహం లేదు. ప్రేక్షకుడిగా చూస్తే, శబ్దంగా బయటికి రావాల్సిన ఎగ్జాస్ట్ శక్తిని కూడా ఆ మోటారు తాగేసింది. మెల్‌బోర్న్‌లో మొదటి రేసు అవగానే నిర్వాహకులే గోల పెట్టారు.

ఎంజీయూ-హెచ్ ఎంత కఠినమో హోండాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2015లో మెక్‌లారెన్‌తో కలిసి వచ్చి, సుజుకాలో, అంటే హోండా సొంత ట్రాక్‌లోనే, డ్రైవర్ అలోన్సో రేడియోలో 'జీపీ2 ఇంజిన్' (ఎఫ్1 కంటే కింది స్థాయి రేసుల ఇంజిన్) అని అరిచేంత పరువు పోగొట్టుకుంది. అదే హోండా 2021లో వెర్‌స్టాపెన్‌తో టైటిల్ గెలిచింది, మధ్యలో ఆరేళ్లు, ఎంత డబ్బు కరిగిందో. బయట నుంచి చూస్తున్న కంపెనీలకు ఇందులో అర్థమైన పాఠం ఒకటే, ఆ మోటారు ఉన్నంతకాలం లోపలికి అడుగుపెట్టకూడదు.

అందుకే 2017లోనే ఎఫ్ఐఏ దాన్ని 2021 నుంచి తీసేద్దామని ప్రతిపాదించింది. అప్పటికే దాని మీద కోట్లు ధారపోసిన కంపెనీలు ఒప్పుకోలేదు. చివరికి 2022 ఆగస్టులో, 2026 నుంచి తీసేయడం ఖాయమైంది, ఆ వెంటనే అదే నెలలో ఆడీ వస్తానని ప్రకటించింది. కానీ హైబ్రిడ్ వాటా తగ్గినట్టు కనబడకూడదు, కొత్తగా వచ్చే కంపెనీలకు సగం ఎలక్ట్రిక్ అని చెప్పుకునే అవకాశం కావాలి. కాబట్టి ఎంజీయూ-కెని 120 నుంచి ఏకంగా 350 కిలోవాట్లకు పెంచారు, ఇంజిన్‌ను 550 పైచిలుకు నుంచి 400కి దించారు. ల్యాప్‌కు తిరిగి రాబట్టగలిగేది 8.5 మెగాజౌళ్లు అన్నారు.

మళ్లీ లెక్క వేద్దాం. పాత పద్ధతిలో 4 మెగాజౌళ్లను 120 కిలోవాట్ల చొప్పున వాడితే 33 సెకన్లు, పైగా హెచ్ నుంచి నేరుగా వచ్చేది అదనం. కొత్త పద్ధతిలో 8.5ని 350 చొప్పున వాడితే 24 సెకన్లే. కుళాయి మూడింతలు పెద్దదైంది, ట్యాంకులోకి నీళ్లు రెండింతలే, రెండో పైపు మూసేశారు. బ్యాటరీ అయిపోతే సగం గుర్రాలు ఉన్నట్టుండి ఆగిపోయినట్టే. ఇటలీలోని మోంజా ట్రాక్ లాంటి చోట పెద్ద బ్రేకింగ్‌లు తక్కువ, స్ట్రెయిట్‌లు ఎక్కువ. 2023లోనే వెర్‌స్టాపెన్, అప్పటి రెడ్ బుల్ బాస్ హార్నర్ దీని మీద మొత్తుకున్నారు. స్ట్రెయిట్ మధ్యలో బ్యాటరీ నింపడానికి గేరు తగ్గించాల్సి వస్తుందేమో అని వాళ్ల భయం.

ఎఫ్ఐఏ సమాధానాలు చూస్తే ఒక అతుకు మీద ఇంకో అతుకు. గాలి నిరోధం తగ్గించడానికి కదిలే రెక్కలు పెట్టారు. 2024 జూన్‌లో బయటపెట్టిన రూల్స్ ప్రకారం ముందున్న కారుకు 290 కిలోమీటర్ల వేగం దాటాక ఎలక్ట్రిక్ శక్తి తగ్గుతూ వచ్చి 355 దగ్గర సున్నా అవుతుంది, వెనకున్న కారుకు మాత్రం 337 దాకా పూర్తి శక్తి దొరుకుతుంది, దానికి అప్పుడు ఓవర్‌రైడ్ అని పేరు పెట్టారు. 2009లో బటన్ ఉన్నవాడు లేనివాణ్ని దాటితే అన్యాయం అన్నారు కదా, ఇప్పుడు ఆ తేడాను రూల్ బుక్కే రాసిచ్చింది.

మిగతా చోట్ల ఏం జరిగిందో కూడా చూడాలి. అమెరికాలోని ఇండీకార్ రేసింగ్ 2024 మధ్యలో, బ్యాటరీకి బదులు కరెంటును చకచకా దాచి వదిలే సూపర్ కెపాసిటర్‌తో హైబ్రిడ్‌లోకి వచ్చింది. సరిగ్గా అదే సమయంలో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్, బ్రిటిష్ టూరింగ్ కార్లు రెండూ 2022లో తెచ్చుకున్న హైబ్రిడ్‌ను 2025కి వదిలేశాయి. ర్యాలీలో రాళ్లకు, చెట్లకు గుద్దుకునే కారులో ఆ పెట్టెను మోయడం, పాడైతే బాగుచేయించుకోవడం జట్ల వల్ల కాలేదు.

2025 ఫిబ్రవరిలో ఎఫ్ఐఏ అధ్యక్షుడు మొహమ్మద్ బెన్ సులాయెమ్ మళ్లీ వీ10 మాట ఎత్తాడు, పర్యావరణానికి చెరుపు చేయని ఇంధనంతో నడిపితే చాలదా అని. ఏప్రిల్‌లో బహ్రెయిన్‌లో ఇంజిన్ కంపెనీలన్నిటినీ కూర్చోబెట్టారు. 350 అనే అంకెను నమ్ముకుని ఫ్యాక్టరీలు కట్టుకున్న ఆడీ, దాని కోసమే ఆస్టన్ మార్టిన్‌తో తిరిగొస్తున్న హోండా కూడా ఆ గదిలో ఉన్నాయి. 2026 రూల్స్ అలాగే ఉంటాయని, ఆ తర్వాత ఏ ఇంజిన్ వచ్చినా ఎంతో కొంత ఎలక్ట్రిక్ భాగం తప్పదని చెప్పి సమావేశం ముగించారు. ఆ "ఎంతో కొంత" ఎంతో మాత్రం రాయలేదు.