చీకట్లో బడికెళ్ళిన పిల్లలు

ప్రియమైన పిల్లలూ,

మీలో చాలామందికి అమెరికాలో బాబాయి పిల్లలో, అత్తయ్య పిల్లలో ఉండే ఉంటారు. ఆదివారం రాత్రి 8 గంటలకు మీరు ఫోన్ చేస్తే, న్యూజెర్సీలో వేసవిలో అయితే ఉదయం 10:30, చలికాలంలో అయితే 9:30. మన గడియారం కదలదు, వాళ్ళే మార్చుకుంటారు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. దీన్ని డేలైట్ సేవింగ్ అంటారు.

హైదరాబాదులో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ తేడా రెండు గంటలే. న్యూయార్క్‌లో దాదాపు ఆరు గంటలు. వేసవిలో అక్కడ జనం లేవకముందే తెల్లారిపోతుంది. ఆ వెలుతురులో ఒక గంటను సాయంత్రానికి జరుపుకుంటే లైట్లు ఆలస్యంగా వేసుకోవచ్చని ఆలోచన. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు ఆదా కోసం 1916లో జర్మనీ, కొద్ది వారాలకే బ్రిటన్ ఈ పద్ధతి పెట్టాయి. రెండో యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, మన దేశంలోనూ గడియారాలు గంట ముందు నడిచాయి.

రైతుల కోసమే దీన్ని తెచ్చారని చాలామంది అనుకుంటారు. నిజానికి 1918లో అమెరికాకు ఇది వచ్చినప్పుడు గట్టిగా ఎదురు తిరిగింది రైతులే. కోసిన గడ్డి మీద మంచు ఆరాకే దాన్ని ఎత్తాలి, తడిగా వాము వేస్తే బూజు పడుతుంది. గడియారం ముందుకు జరిపినంత మాత్రాన మంచు తొందరగా ఆరదు కదా! కూలీలు మాత్రం గడియారం ప్రకారం వచ్చేవారు, గడియారం ప్రకారమే వెళ్ళిపోయేవారు. పొద్దున గంటసేపు పని సాగదు, సాయంత్రం ఎండ ఉండగానే పని ఆగిపోతుంది. అధ్యక్షుడు విల్సన్ వద్దన్నా సరే, 1919లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఆ చట్టాన్ని రద్దు చేసింది.

అసలు మీకు చెప్పాలనుకున్నది 1974 సంగతి. అంతకుముందు ఏడాది అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు బారులు. ఇంధనం ఆదా అవుతుందని అధ్యక్షుడు నిక్సన్ ఏడాది పొడవునా డేలైట్ సేవింగ్ ఉండేలా చట్టం మీద సంతకం చేశాడు. డిసెంబర్‌లో అడిగితే నూటికి 79 మంది బాగుందన్నారు. జనవరి 6న, నడి చలికాలంలో, గడియారాలు ముందుకు జరిగాయి.

మర్నాడు సోమవారం, బడి. వాషింగ్టన్‌లో ఎనిమిదిన్నర కావస్తుంటే గానీ సూర్యుడు రాలేదు. పిల్లలు చేతిలో టార్చి పట్టుకుని, కటిక చీకట్లో, చలికి వణుకుతూ రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డారు. తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్. కొన్ని బడులు వేళలు వెనక్కి జరుపుకున్నాయి. ఫ్లోరిడాలో కొన్ని వారాల్లోనే ఎనిమిది మంది బడి పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. ఈ చట్టాన్ని తీసేయమని ఆ రాష్ట్ర గవర్నరే అడిగాడు. ఫిబ్రవరికల్లా బాగుందనేవాళ్ళు నూటికి 42 మందే మిగిలారు. 1975 ఏప్రిల్ దాకా నడపాలనుకున్న ప్రయోగం ఆ అక్టోబర్‌లోనే, ఇంకో చలికాలం రాకుండా ముగిసింది. అప్పటికి నిక్సన్ పోయి ఫోర్డ్ వచ్చాడు.

ఆ 79 మంది అబద్ధం చెప్పారని నేను అనను. సాయంత్రపు వెలుతురు అందరికీ ఇష్టమే. ఆ గంట ఎవరి ఉదయం నుంచి తీస్తున్నారో అప్పటికి వాళ్ళ కళ్ళకు కనబడలేదు, అంతే. బస్సు కోసం నిలబడబోయే పిల్లల్ని ముందే అడిగి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

2022 మార్చిలో అమెరికా సెనేట్ మళ్ళీ అదే పద్ధతిని శాశ్వతం చేసే బిల్లును ఒక్కరూ కాదనకుండా ఆమోదించింది. దిగువ సభ ఆ బిల్లును ఓటుకు తీసుకోకపోవడంతో అది అక్కడే ఆగింది. ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ వాళ్ళను అడగండి: జనవరిలో మీకు ఎన్నింటికి తెల్లారుతుంది, బడి బస్సు ఎన్నింటికి వస్తుంది? వాళ్ళేమన్నారో నాకు రాయండి.

మీ తాతయ్య