మంచితనం మనిషిలోనా, సందర్భంలోనా?

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసులు ఇప్పుడు మామూలే. నాలుగు మంచి మాటలు చెవిన పడితే పిల్లలు దారిలో ఉంటారని పెద్దల నమ్మకం. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలి దాదాపు వందేళ్లయింది.

1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు వేలమంది బడిపిల్లలకు కాపీ కొట్టడానికి, అబద్ధమాడడానికి వీలు కల్పించి చూశారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లలే ఇంకోచోట మోసం చేశారు. 1973లో డార్లీ, బ్యాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మతవిద్య చదివేవాళ్లను పరీక్షించారు. ప్రసంగానికి వెళ్లే దారిలో ఒకతను కూలబడి మూలుగుతుంటాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఆలస్యమైందని చెబితే టెన్షన్ పడ్డవాళ్లలో 10 శాతమే. పరీక్షకు వచ్చినవాళ్లలో సగంమంది మాట్లాడబోయేది, దారిలో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న బైబిలు కథ గురించే!

తత్వశాస్త్రంలో కథ వేరు. మనసు గురించి సరిగా తెలియకుండా నీతి గురించి రాసి లాభం లేదని 1958లోనే ఎలిజబెత్ ఆన్స్‌కోంబ్ అనే తత్వవేత్త అన్నారు. ఆ తర్వాత గుణశీలాల చర్చ మళ్లీ మొదలైంది. 1990ల చివర్లో హార్మన్, డోరిస్ అనే తత్వవేత్తలు ఈ పాత ప్రయోగాలు చూపించి, అసలు నిలకడైన గుణమనేది ఉందా అని నిలదీశారు. తత్వవేత్తలు, మనస్తత్వ నిపుణులు కలిసి పనిచేయడానికి ఊపు వచ్చింది ఆ తగాదాతోనే.

మన దగ్గర ఆ ప్రశ్నను ప్రయోగశాల లేకుండానే తేల్చబోయారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొగుళ్లకు నీతిబోధ చేస్తూ కూర్చోలేదు. సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత వాచకంలో ఆ సంగతి పాఠంగా చేరి ఊరూరా పాకింది, సారా కొట్ల వేలాలు ఆగాయి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తాగేవాడి గుణం మార్చడం కంటే తాగే సందు లేకుండా చేయడం తేలికని వాళ్లు కనిపెట్టారు. అయితే కాంట్రాక్టర్లకు, పోలీసులకు ఎదురు నిలబడ్డ వాళ్ల తెగువను మాత్రం సందర్భం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. పక్కన పదిమంది ఉండడం వల్ల కొంత వచ్చి ఉండొచ్చు, అంతా అదే కాదు.

1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. మద్యం కొట్టు మళ్లీ తెరిచాక ఎవరు అటు నడిచారు, ఎవరు నడవలేదు, ఎందుకు? గుణం మీద పనిచేసే పరిశోధకులు ఈ పల్లెల్లో అడగాల్సిన ప్రశ్న అది.